ఎడ్లబండి నుంచి పికప్ ట్రక్ దాకా: గాలి మీద ప్రయాణం

(మా ఊరి తెలుగు రేడియోలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి ఇది అక్షర రూపం.)



ఈ వారం చరిత్ర మీద ఏదైనా మాట్లాడమన్నారు. నేను కంప్యూటర్ కన్సల్టెంటుని, చరిత్రకారుణ్ణి కాదు. చరిత్ర అంటే రాజులూ, యుద్ధాలూ, పరీక్షకి బట్టీ పట్టిన తేదీలూ అనుకునే బాపతు. కానీ ఈమధ్య ఒక చరిత్ర నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అది కూడా నా బండి కింద నుంచి. ఇవాళ మీతో టైర్ల చరిత్ర గురించి మాట్లాడతాను. ఛానెల్ మార్చకండి, మీ ఇంట్లో పెద్దవాళ్ళకీ పిల్లలకీ పనికొచ్చే సంగతి ఒకటి చివర్లో ఉంది.

ముందు నా కథ. మేముండేది టెక్సస్‌లో, డాలస్ దగ్గర. మనవాళ్ళందరూ క్యామ్రీలూ, ఎకార్డులూ, మినీ వ్యానులూ కొంటుంటే, నేను ఒక పాత పికప్ ట్రక్ కొన్నాను. నాలుగు తలుపులది, వెనక సీటు విశాలంగా ఉంటుంది. పెరట్లో దొండపాదు, గోంగూర వేస్తామని మట్టి బస్తాలు తెచ్చుకోవడానికి పనికొస్తుందన్నది మా ఆవిడ ముందు నేను చెప్పిన కారణం. అసలు కారణం, చిన్నప్పటి నుంచీ నాకు పెద్ద బండి అంటే మోజు.

ఆ వేసవిలో మా అమ్మా నాన్నగారూ వచ్చారు. నాన్నగారికి డెబ్భై దాటాయి, నడుము నొప్పి ఉంది. విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చేసరికి ఆయన మొహం చిన్నబోయింది. బండి దిగి నడుము పట్టుకుని, "ఏరా, ఇన్ని డాలర్లు పోసి కొన్నావు, మా నాన్న ఎడ్లబండే నయం కదరా" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నాకు గుచ్చుకుంది.

మర్నాడే టైర్ల షాపుకి వెళ్ళాను. కుర్రాడు చూసి, "ఇవి బరువులు మోసే గట్టి టైర్లు, గాలి కొంచెం తగ్గిస్తే మెత్తగా ఉంటుంది" అని నాలుగు టైర్లలోనూ గాలి 28కి దింపాడు. పైసా తీసుకోలేదు. నిజంగానే మెత్తబడింది! నాన్నగారు కూడా "ఇప్పుడు బాగుందిరా" అన్నారు. నేను మహా సంతోషించాను.

జులై నెలలో అయిదుగురం, వెనక నిండా సామానుతో హ్యూస్టన్ బయలుదేరాం. 240 మైళ్ళ దూరం. బయట నూరు డిగ్రీల ఎండ. దారిలో టీ కోసం ఆగినప్పుడు నాన్నగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. ఎడ్లబండి తోలిన రోజుల్లో ఆగిన చోటల్లా చక్రం మధ్యలో ఇరుసు దగ్గర చెయ్యి పెట్టి చూడటం ఆయనకి అలవాటు. కందెన అయిపోతే అక్కడ వేడెక్కుతుంది మరి. అలాగే వెనక టైరు మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకున్నారు. "ఒరే, ఇది కాలుతోందిరా!"

ఎండలో నడిచిన టైరు వేడెక్కడం సహజమే. కానీ ఇది ఆ వేడి కాదు. అద్దం వెనక గాలి తక్కువైతే వెలగాల్సిన పసుపు దీపం మాత్రం వెలగలేదు. అక్కడే పెట్రోలు బంకులో గాలి పెట్టించి, నెమ్మదిగా నడుపుకుంటూ హ్యూస్టన్ చేరాం. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెత్తగా ఉండాలంటే గాలి తీసెయ్యడమేనా? టైరు గట్టిగా ఎందుకుంది? దీపం ఎందుకు వెలగలేదు? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు వెతుక్కుంటూ పోతే అది నన్ను 1845 దాకా తీసుకెళ్ళింది.

గడ్డి పరుపు

దానికి ముందు మన ఎడ్లబండి సంగతి చెప్పుకుందాం. చెక్క చక్రం, ఆకులు, ఇరుసు, చుట్టూ ఇనుప పట్టా. ఆ పట్టా చక్రాన్ని అరిగిపోకుండా కాపాడుతుంది, ఆకుల్ని బిగించి ఉంచుతుంది. కానీ దారిలో ప్రతి రాయీ మన వెన్నుపూసకి నేరుగా తెలుస్తుంది. అందుకే పెద్దవాళ్ళు బండిలో వరిగడ్డి మందంగా పరిచి, పైన దుప్పటి వేసుకునేవారు. అంటే అరగకుండా కాపాడేది ఇనుము, కుదుపు తినేది గడ్డి. ఈ రెండు పనుల్నీ గుర్తు పెట్టుకోండి. టైరు చరిత్ర అంతా ఈ రెండు పనుల్నీ ఒకే వస్తువుతో చేయించడానికి మనిషి పడ్డ పాట్లే.

1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండ్ ఇంజినీరు గాలి నింపిన చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 23. రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, దాని మీద తోలు తొడిగాడు. "గాలి చక్రాలు" అని పేరు పెట్టి, లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రబ్బగ్గీలకి బిగించి చూపించాడు. చప్పుడు లేదు, కుదుపు లేదు, గుర్రానికి లాగుడు కూడా తేలికైంది. కానీ అవి తయారు చెయ్యడం ఖర్చుతో కూడిన పని. మోటారు కారు ఇంకా పుట్టలేదు. సైకిలు రోడ్డెక్కలేదు. జనం చూసి ముచ్చటపడి మరిచిపోయారు.

నలభై ఏళ్ళ తర్వాత, బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు అదే సంగతిని మళ్ళీ కనిపెట్టాడు. ఆయనకి థామ్సన్ పేరే తెలియదు. ఆయన కొడుకు మూడు చక్రాల సైకిలు తొక్కుతూ, రాళ్ళు పరిచిన వీధుల్లో కుదుపులకి ఇబ్బంది పడుతున్నాడని, పల్చటి రబ్బరు గొట్టం చేసి, గాలి నింపి, చక్రానికి చుట్టాడు. 1888లో పేటెంట్ తీసుకున్నాడు. థామ్సన్ పాత పేటెంట్ బయటపడి రెండేళ్ళకే అది చెల్లకుండా పోయిందనుకోండి, అది వేరే కథ. 1889లో విల్లీ హ్యూమ్ అనే సైకిలు వీరుడు ఈ టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేల్లో అందర్నీ ఓడించాక, ప్రపంచం కళ్ళు తెరిచింది.

నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, గాలి టైరు మన చేతికి వచ్చింది వేగం కోసం కాదు, ఒక పిల్లవాడి సుఖం కోసం. నేను టైర్ల షాపుకి వెళ్ళింది ఒక తండ్రి నడుము కోసం. ఎటు చూసినా అదే వ్యవహారం.

రబ్బరు పాల వెనక మనవాళ్ళు

సైకిళ్ళూ, వెంటనే కార్లూ రావడంతో రబ్బరుకి గిరాకీ విపరీతంగా పెరిగింది. పచ్చి రబ్బరు ఎండకి జిగురు కారుతుంది, చలికి పెళుసెక్కుతుంది. దాన్ని గంధకంతో కాచి గట్టిపరిచే పద్ధతిని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. ఆ పద్ధతి లేకపోతే టైరు లేదు. ఇక రబ్బరు పాలు ఎక్కడి నుంచి? మొదట్లో బ్రెజిల్ అడవుల నుంచి, ఆఫ్రికాలో కాంగో నుంచి. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ చేతిలో ఉన్న కాంగోలో రబ్బరు కోసం జరిగిన హింస చరిత్రలో చెరగని మచ్చ. ఐరోపాలో సుఖంగా దొర్లిన సైకిలు చక్రానికి అక్కడి పల్లెలు మూల్యం చెల్లించాయి.

1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి సుమారు 70,000 రబ్బరు గింజలు లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనానికి చేర్చాడు. మొలకెత్తినవి మూడు వేలకు లోపే. ఆ మొక్కల సంతానమే సింహళం, మలయా తోటలు నింపింది. మలయాలో రబ్బరు చెట్లు గీయడానికి దక్షిణ భారతం నుంచి లక్షల మంది కూలీలు వెళ్ళారు. ఎక్కువమంది తమిళులు. వాళ్ళతోపాటు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మన తెలుగువాళ్ళూ వెళ్ళారు. తెల్లవారకముందే లేచి, చల్లదనంలో పాలు బాగా కారుతాయి కనుక, కత్తితో బెరడు ఏటవాలుగా గీసి, చిప్పల్లో పాలు పట్టేవారు. మలేసియాలో ఈ ప్రసంగం చదువుతున్న తెలుగు కుటుంబాలకి ఇది నేను చెప్పాల్సిన కథ కాదు, వాళ్ళ తాతముత్తాతల కథ. మనం హెచ్-1 వీసాల మీద వచ్చామని చెప్పుకుంటాం. మనకంటే ముందే సముద్రం దాటి, అమెరికా కార్లకి కావలసిన రబ్బరు పాలు పట్టినవాళ్ళు మనలోనే ఉన్నారు.

ఆ తోటలు ఎంత ముఖ్యమో 1942లో తెలిసొచ్చింది. జపాన్ మలయాను ఆక్రమించగానే అమెరికాకి రబ్బరు ఆగిపోయింది. ఆ జనవరిలోనే ఇక్కడ టైర్లకి రేషను పెట్టారు. ఆ తర్వాత దేశమంతటా గంటకి 35 మైళ్ళ వేగ పరిమితి పెట్టారు. పెట్రోలు రేషను కూడా చాలావరకు టైర్లు అరగకుండా చూడటానికే. కృత్రిమ రబ్బరు పరిశ్రమ నిలదొక్కుకుంది ఆ యుద్ధకాలంలోనే.

బరువా, మెత్తదనమా?

ఇప్పుడు ట్రక్కుల దగ్గరికి వద్దాం. కార్లకి గాలి టైర్లు వచ్చాక కూడా ట్రక్కులు చాలాకాలం గట్టి రబ్బరు చక్రాల మీదే నడిచాయి. అంత బరువుని గాలి మొయ్యగలదని ఎవరూ నమ్మలేదు. నమ్మించడానికి 1917లో గుడ్‌ఇయర్ కంపెనీ ఒహాయోలోని యాక్రన్ నుంచి బోస్టన్‌కి గాలి టైర్ల ట్రక్కు ఒకటి పంపింది. దారులు ఎలా ఉన్నాయో, టైర్లు ఎలా పేలాయో గానీ, ఆ తొలి ప్రయాణానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఇవాళ ఒక పగటి ప్రయాణం. అయినా దారి మాత్రం తెరుచుకుంది.

ఇక్కడ ఒక చిన్న శాస్త్రం. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి ఒత్తిడి ఎంత ఎక్కువైతే అంత బరువు మోస్తుంది, కానీ అంత గట్టిగా ఉంటుంది. ఒత్తిడి తక్కువైతే మెత్తన. కానీ అప్పుడు టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగుతుంది. ఒక ఇనుప తీగని పదే పదే వంచి చూడండి, వేలికి వేడి తగులుతుంది. టైరూ అంతే. నిమిషానికి వందల సార్లు వంగుతుంది. ఆ వేడే టైరుకి శత్రువు.

మరి గాలి తగ్గించి, వేడెక్కకుండా ఎలా? 1920లలో దొరికిన జవాబు, టైరుని లావు చెయ్యడం. అప్పటి ఫోర్డ్ మోడల్ టి కార్ల సన్నటి టైర్లకి 55, 60 పి.ఎస్.ఐ. గాలి పెట్టేవారు. పి.ఎస్.ఐ. అంటే చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడి అని. 1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ "బెలూన్" టైర్లు మార్కెట్లోకి తెచ్చింది. లావుగా, పల్చటి గోడలతో, దాదాపు సగం ఒత్తిడితో నడిచేవి. గాలి ఒత్తిడి తగ్గింది, కానీ లోపల గాలి పరిమాణం పెరిగింది. అందుకే బరువూ మోసింది, మెత్తగానూ ఉంది. మెత్తదనం ఊరికే రాదు, దానికి తగినంత చోటు ఇవ్వాలి అన్నది టైరు చరిత్ర నేర్పిన మొదటి పాఠం.

1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టి వెనక చిన్న తొట్టి బిగించి, 281 డాలర్లకి అమ్మింది. ఫ్యాక్టరీలో తయారైన తొలి ఫోర్డ్ పికప్ అదే. రైతుల బండి, వడ్రంగుల బండి. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎగిరెగిరి పడేది. కారణం ఏమిటంటే, వెనక పట్టీల స్ప్రింగులు నిండు బరువుకి తగ్గట్టు గట్టిగా చేసినవి. బరువు లేనప్పుడు అవి వంగవు. ఈ లక్షణం వందేళ్ళయినా పికప్‌ని పూర్తిగా వదల్లేదు. నాన్నగారి నడుముకి తెలిసింది అదే.

నులక మంచం, ఇనుప పట్టా

1940ల దాకా టైరు లోపల దారాలు నులక మంచంలా అటూ ఇటూ ఏటవాలుగా అల్లి ఉండేవి. అలాంటి టైర్లో పక్కగోడ వంగితే రోడ్డుకి ఆనే భాగం కూడా మెలికలు పడుతుంది. రెండూ ఒకే అల్లిక కదా. బరువు ఎక్కువ మొయ్యాలంటే పొర మీద పొర వెయ్యాలి. ఆరు పొరలు, ఎనిమిది పొరలు, పది పొరలు. ఒక్కో పొరా టైరుని మరింత గట్టి చేస్తుంది, మరింత వేడెక్కిస్తుంది.

ఫ్రాన్స్‌లో మిషెలిన్ కంపెనీ ఈ ముడి విప్పింది. 1946లో పేటెంట్, 1949లో అమ్మకం. దారాల్ని ఏటవాలుగా కాక, ఈ అంచు నుంచి ఆ అంచుకి నేరుగా అడ్డంగా వేశారు. పక్కగోడ హాయిగా వంగుతుంది. రోడ్డుకి ఆనే భాగం కింద మాత్రం ఉక్కు తీగల పట్టా చుట్టారు. దీన్నే రేడియల్ టైరు అంటాం. చూశారా? మన ఎడ్లబండి మళ్ళీ వచ్చింది. ఉక్కు పట్టా ఇనుప పట్టా పని చేస్తోంది, మెత్తటి పక్కగోడ గడ్డి పరుపు పని చేస్తోంది. రెండు పనుల్నీ విడదీయడమే రేడియల్ గొప్పతనం.

అమెరికా దీన్ని వెంటనే ఒప్పుకోలేదు. ఇక్కడి కార్ల సస్పెన్షన్ పాత టైర్లకి తగ్గట్టు చేసినవి, ఫ్యాక్టరీ యంత్రాలన్నీ మార్చాలి, పైగా టైరు రెండింతలు మన్నితే అమ్మకాలు తగ్గవూ? 1966లో సియర్స్ దుకాణాలు మిషెలిన్ చేసిన రేడియల్స్‌ని తమ పేరుతో అమ్మాయి. 1970 లింకన్ మార్క్ త్రీ వాటితోనే వచ్చింది. 1973 చమురు సంక్షోభం మిగతా పని పూర్తి చేసింది, ఎందుకంటే రేడియల్ పెట్రోలు కూడా ఆదా చేస్తుంది. 1976లో బీఎఫ్ గుడ్రిచ్ మట్టి దారికీ తారు రోడ్డుకీ పనికొచ్చే ఆల్-టెరైన్ రేడియల్‌ని తెచ్చింది. పికప్ పొలం నుంచి ఇంటి ముంగిట్లోకి వస్తున్న రోజులవి. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు కదా, 1977 నుంచి ఫోర్డ్ ఎఫ్ సిరీస్ ఈ దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే ట్రక్కు అయి కూర్చుంది.

అప్పటి నుంచే పికప్‌కి రెండు జాతుల టైర్లు. సైజు ముందు పి అక్షరం ఉంటే అది ప్యాసింజరు టైరు, అంటే కారు జాతి. ఎల్.టి. అని ఉంటే లైట్ ట్రక్, బరువుల జాతి. ఎల్.టి.లో మళ్ళీ సి, డి, ఇ తరగతులు. షాపులో ఇప్పటికీ "పది ప్లై" అనేది ఇ తరగతినే. లోపల నిజంగా పది పొరలు ఉండవు, పాత నులక మంచం రోజుల లెక్క అది. నా బండికి పాత యజమాని వేసినవి ఈ ఇ తరగతివి. 80 పి.ఎస్.ఐ. దాకా గాలి పట్టి, ఒక్కో టైరు మూడు వేల పౌండ్లకి పైగా మోస్తుంది. ఆయన ట్రైలరు లాగేవాడేమో. నేను లాగేది నాలుగు మట్టి బస్తాలు.

గాలి తగ్గిస్తే ఏమవుతుంది?

ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ లక్షల టైర్లు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. అప్పటికి వాడకంలో ఉన్నవి సుమారు 65 లక్షలు. చాలావరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కి వేసినవి. ఎక్స్‌ప్లోరర్ పుట్టింది రేంజర్ అనే పికప్ ట్రక్కు పునాది మీదే. వేగంగా వెళ్తుండగా ఆ టైర్ల పై పట్టా ఊడిపోయి, బండి అదుపు తప్పి పల్టీలు కొట్టేది. ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ లెక్కల్లో 270 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ ప్రమాదాలు టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా, అరిజోనా వంటి ఎండ రాష్ట్రాల్లో.

ఫోర్డ్ సూచించిన గాలి 26. బండి ఒరిగిపోకుండా, మెత్తగా కూడా ఉండేలా ఆ అంకె ఎంచుకున్నారన్నది అప్పట్లో బయటికొచ్చిన మాట. 26 తక్కువ, వేడెక్కుతుంది, 30 పెట్టండని ఫైర్‌స్టోన్. తప్పు మా బండిది కాదు, మీ టైరుదని ఫోర్డ్. 1906లో హెన్రీ ఫోర్డ్‌కీ హార్వీ ఫైర్‌స్టోన్‌కీ కుదిరిన వ్యాపారం, 1947లో ఆ రెండు కుటుంబాలూ వియ్యం కూడా అందుకున్న బంధం, 2001 మే నెలలో తెగిపోయింది. ప్రభుత్వ విచారణలో పట్టాల అంచు దగ్గర టైరు నిర్మాణంలోనే లోపం ఉందని తేలింది. లోపమున్న చోట వేడీ, తక్కువ గాలీ, బరువూ, వేగమూ తోడైతే పగులు పెరుగుతుంది.

ఇది చదువుతుంటే నాన్నగారు చిన్నప్పటి మాట ఒకటి చెప్పారు. నడివేసవిలో చక్రం చెక్క ఎండి, ఇనుప పట్టా వదులయ్యేదట. ఊడితే బండి దారిలో కూలబడినట్టే. అందుకని ముందుగానే చక్రాల్ని చెరువులో నానబెట్టేవారు. "ఎండాకాలం పట్టాని నమ్మకూడదురా" అన్నారు. ఫైర్‌స్టోన్ గురించి ఆయనకి తెలియదు. కానీ అక్షరాలా అదే సంగతి.

ఆ దుర్ఘటనల ఫలితంగా 2000 నవంబరులో అమెరికాలో కొత్త చట్టం వచ్చింది. 2008 మోడల్ నుంచి ప్రతి కొత్త కారుకీ, చిన్న ట్రక్కుకీ గాలి తగ్గితే వెలిగే దీపం తప్పనిసరి అయింది. నా మూడో ప్రశ్నకి జవాబు ఇక్కడ ఉంది. ఆ దీపం గాలి కాస్త తగ్గగానే వెలగదు. తలుపు దగ్గరి చీటీలో రాసిన అంకె కన్నా పాతిక శాతం తగ్గాలి. నా బండి చీటీ మీద 35 ఉంది. పాతిక శాతం తీస్తే 26 చిల్లర. షాపు కుర్రాడు పెట్టింది 28. దీపం దృష్టిలో అంతా క్షేమం!

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. చీటీ మీది 35, ఫ్యాక్టరీ వేసిన పి టైర్లకి లెక్క. అదే సైజు ఎల్.టి. టైరు అదే బరువు మొయ్యాలంటే ఇంకో పది దాకా ఎక్కువ గాలి కావాలి. అంటే 45 ఉండాల్సిన చోట 28తో, నూరు డిగ్రీల ఎండలో, మా అమ్మా నాన్నలనీ, ఆవిడనీ, పిల్లాణ్ణీ కూచోబెట్టుకుని వెళ్ళాను. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే, సాఫ్ట్‌వేర్‌లో తప్పుంది గానీ ఎర్రర్ మెసేజ్ రాలేదు. అలాంటివే అన్నిటికన్నా ప్రమాదం.

మరి ఏ టైరు వేసుకోవాలి?

చరిత్ర చెప్పిన జవాబు తేలికే. మెత్తదనాన్ని గాలి తీసి తెచ్చుకోకూడదు, తగిన టైరు ఎంచుకుని తెచ్చుకోవాలి. నేను చేసింది చెబుతాను.

మొదట తలుపు దగ్గరి చీటీ చదివాను. నా బండి సగం టన్ను రకం, ఫ్యాక్టరీ సైజు పి 265/70ఆర్17, బరువు సూచిక 113. అంటే టైరుకి 2,535 పౌండ్లు. కారు జాతి టైరుని ట్రక్కుకి వేసినప్పుడు దాన్ని 1.1తో భాగించాలని నియమం, అప్పుడు సుమారు 2,300. వెనక రెండు టైర్లకీ కలిపి 4,600. చీటీలో వెనక ఇరుసుకి రాసిన పరిమితి కన్నా అది ఎక్కువే. కనుక నాకు ఇ తరగతి అక్కర్లేదు. హైవే రకం పి టైర్లు వేయించి, గాలి చీటీ ప్రకారం 35 పెట్టాను. హైవే రకం గాడులు చిన్నవి, అందుకే చప్పుడు తక్కువ. పక్కగోడ పల్చన, టైరు బరువూ తక్కువ.

అందరికీ ఇదే మాత్ర పనిచెయ్యదు. మీది ముప్పాతిక టన్ను, ఒక టన్ను పికప్ అయితే, లేదా పెద్ద ట్రైలరు లాగితే, చీటీ ఎల్.టి. ఇ తరగతి అడుగుతుంది. అప్పుడు సుఖం కోసం కారు టైరు వెయ్యడం నేను చేసినదానికన్నా పెద్ద తప్పు. నడుము కోసం సీటు మీద మెత్త వేసుకోండి, టైరు మాత్రం మార్చకండి.

రెండోది, చక్రం సైజు. ఇప్పుడు 20, 22 అంగుళాల మెరిసే చక్రాలు ఫ్యాషన్. 275/65ఆర్18 టైరు పక్కగోడ ఎత్తు 179 మిల్లీమీటర్లు. దాదాపు అంతే మొత్తం ఎత్తున్న 275/55ఆర్20 పక్కగోడ 151. అంగుళం పైన గడ్డి పరుపు పోయినట్టే. కొత్త బండి కొనేవాళ్ళు, ఇంట్లో నడుము నొప్పులున్న పెద్దవాళ్ళుంటే, చిన్న చక్రం ఎంచుకోండి. అందం కొంచెం తగ్గుతుంది, అంతే.

మూడోది, టైరు వయసు. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వెంట వచ్చే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2000 సంవత్సరం నుంచి ఈ పద్ధతి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు బాగున్నా రబ్బరు ముసలిదవుతుంది. ఆరేళ్ళకే మార్చమని చాలా కార్ల కంపెనీల మాట. పదేళ్ళు దాటితే ఎవరూ ఒప్పుకోరు. మన ఎండ రాష్ట్రాల్లో ఆ ఆరేళ్ళ మాట వినడం మంచిది. స్పేర్ టైరు వయసు కూడా చూడండి, అందరం మరిచిపోయేది అదే.

ఇక గాలి. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. నెలకొకసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా. అయిదారు డాలర్ల కొలత గొట్టం చాలు. మా వాడికి ఎనిమిదేళ్ళు. ఆ పని వాడికే అప్పగించాం. కొలుస్తాడు, తాతయ్య కాగితం మీద రాస్తారు.

కొత్త టైర్లు వేయించిన మర్నాడు నాన్నగారిని కూచోబెట్టుకుని గుడికి వెళ్ళొచ్చాం. దారిలో ఒక గతుకు వచ్చింది. నేను అద్దంలో ఆయన మొహం చూస్తున్నాను. ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక దిగి, నడుము పట్టుకోకుండానే, వెనక టైరు మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచారు. "ఇప్పుడు నయమేరా, ఎడ్లబండి స్థాయికి వచ్చింది" అన్నారు.

ఆయన ఊరు వెళ్ళిపోయి చాలా నెలలైంది. ఇప్పటికీ దూరం వెళ్ళినప్పుడు, ఆగిన చోట నేనూ ఒక ప్రదక్షిణ చేసి, నాలుగు టైర్ల మీదా చెయ్యి పెట్టి చూస్తున్నాను. పక్కన ఆగినవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఈ వేసవిలో మీ ఇళ్ళకీ అమ్మా నాన్నలు వస్తారు. వాళ్ళని ఎక్కించుకుని నయాగరాకో, గ్రాండ్ కాన్యన్‌కో బయలుదేరే ముందు రోజు పొద్దున, ఒక్క అయిదు నిమిషాలు తలుపు తీసి ఆ చీటీ చదవండి, గాలి చూసుకోండి.